దాటువారి సంఖ్య: సున్న

కాకరమెట్టలో రోడ్డు దాటవలసిన అవసరం ఎవరికీ లేదన్న సంగతిని రోడ్ల ఆఫీసు వారు ఒక గురువారం ఉదయం ఎనిమిదిన్నరకీ తొమ్మిదిన్నరకీ మధ్య కనిపెట్టారు. అంతవరకు ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. ముఖ్యంగా అంగన్‌వాడీ ఆయా నూకరత్నానికి తెలియదు. ఆ గంటసేపూ ఆవిడ పదిహేడుమంది పిల్లల్ని వెంటబెట్టుకుని, రోడ్డు దాటడం కోసమే, రోడ్డు పక్కన నిలబడి ఉంది.

రోడ్డుకి పడమటి పక్కన పాత ఊరు. పంచాయతీ ఆఫీసు, రేషను షాపు, అంగన్‌వాడీ అన్నీ అక్కడే. తూర్పు పక్కన కొత్త కాలనీ. నాలుగేళ్ల కిందట జొన్న చేలుండే చోట ఇప్పుడు రెండువందల నలభై ఇళ్లు లేచాయి. పసిపిల్లలున్న కాపురాలన్నీ కాలనీలో ఉంటే, వాళ్లకి పెట్టే పప్పన్నమూ కోడిగుడ్డూ పాత ఊళ్లో ఉడుకుతాయి. రోడ్డు ఉత్తరపు కొసన గ్రావెల్ కొండ ఉంది. ఉంది అనడం కొంత మర్యాద కోసమే. రెండు క్వారీలున్న రోజుల్లో రోజుకి నలభై టిప్పర్లు దిగేవి. క్వారీలు ఏడయ్యాక ఊరివాళ్లు టిప్పర్లని లెక్కపెట్టడం మానేసి, మధ్యలో వచ్చే ఖాళీలని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అది సులువు. డ్రైవర్లకి జీతం ట్రిప్పుల లెక్కన ఇస్తారు కాబట్టి, బ్రేకు మీద కాలు పెట్టడమంటే వాళ్ల దృష్టిలో సొంత కంచం తన్నుకోవడమే.

నూకరత్నం పాత చీర ఒకటి తాడులా పేని, పిల్లలందరిచేతా పట్టించి, వాళ్లని ఒక్క వరసలో దాటించేది. మొదట్లో ఐదు నిమిషాల పని. తరవాత అరగంట అయింది. ఈమధ్య కొన్ని రోజులు అసలు దాటలేక, పిల్లల్ని ఇళ్ల దగ్గర దింపేసి తిరిగి వస్తోంది. తిరిగి రావడానికీ దాటాలి కదా అని అడగకండి. అంగన్‌వాడీకి ఒక నియమం ఉంది. మూడు నెలలు వరసగా సగటు హాజరు పదిహేను కన్నా తగ్గితే కేంద్రాన్ని పక్క ఊరి కేంద్రంలో కలిపేస్తారు. పక్క ఊరు నాలుగు కిలోమీటర్లు, అదే రోడ్డు మీద. అప్పటికి ఒక నెల అయిపోయింది. టీచరమ్మ టౌను నుంచి వచ్చి పాత ఊరి వైపే బస్సు దిగుతుంది కనుక ఆవిడకి ఈ విషయంలో మనశ్శాంతి ఉంది.

అందుకని నూకరత్నం కేంద్రం ఎదురుగా ఒక స్పీడ్ బ్రేకరు వేయించండని అర్జీ పెట్టుకుంది. తొమ్మిది అర్జీలు పెట్టాక రోడ్ల ఆఫీసు నుంచి డిప్యూటీ ఇంజినీరు భాస్కరానందం గారు సర్వేకి వేంచేశారు.

కాలనీ వైపు టెంటు వేశారు. రెండు కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద ఫారం. ఫారంలో రెండు గళ్లు. ఒకటి ‘వాహనములు’, రెండోది ‘దాటువారు’. వాహనం వెళ్లినప్పుడల్లా భాస్కరానందం గారు ఒక నిలువు గీత గీసేవారు. నాలుగు గీతలయ్యాక అడ్డంగా ఐదోది. ఆయన చెయ్యి ఆగలేదు. రెండో గడి మాత్రం కడిగిన పలకలా ఉంది.

తొమ్మిదిన్నరకి ఆయన కలం మూత పెట్టి, “నూట పద్నాలుగు. దాటువారు సున్న,” అని సంతకం చేశారు.

నూకరత్నం చీర తాడు చేతికి చుట్టుకుని టెంటు దగ్గరికి వచ్చింది. “సున్నేంటండి బాబుగారూ? గంట నుంచీ మేం ఇక్కడే ఉన్నాం కదండీ. నన్ను చూశారు, పిల్లల్ని చూశారు. ఆ వీర్రాజు తాతైతే మీ బల్లకే ఆనుకుని నించున్నాడు.”

“చూశానమ్మా. మీరు నిలబడినారు.”

“దాటడానికే నించున్నామండి!”

“నిలబడువారికి ఇందులో గడి లేదమ్మా. దాటువారికే ఉంది. గంటకి రెండువందల మంది దాటితేనే స్పీడ్ బ్రేకరుకి అర్హత. ప్రజావసరము శాస్త్రీయముగా రుజువు కావలెను.”

“టిప్పర్ల మధ్య నుంచి రెండొందల మంది ఎలా దాటతారండీ?”

“అది ప్రజల ఉత్సాహాన్ని బట్టి ఉంటుంది,” అన్నారు భాస్కరానందం గారు.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ‘సదరు స్థలమునందు రోడ్డు దాటవలెనను కోరిక ప్రజలలో కానరానందున’ అర్జీ తిరస్కరించడమైనదని అందులో ఉంది. కోరిక కానరాలేదన్న మాట దగ్గర వీర్రాజు తాతకి కోపం వచ్చింది. ఆయనకి ఎనభై రెండేళ్లు. “అవతలి పక్క మా చెల్లెలుంది. నెలై మొహం చూళ్లేదు. నాకు కోరిక లేదంటాడేంట్రా ఆడు?” అని కాలనీలో తన ఇంటి అరుగు మీద కూర్చుని అందర్నీ ఆపి ఆపి అడిగాడు.

నూకరత్నం టౌనుకి వెళ్లి, రోడ్ల ఆఫీసు వరండాలో రెండు రోజులు కూర్చుని, రెండో సర్వేకి ఉత్తర్వు తెచ్చింది. ఈసారి దాటి చూపించాలి. దాటాలంటే టిప్పర్లు ఆగాలి. అవి ఆగాలంటే చెప్పవలసిన మనిషి క్వారీల మేనేజరు శివాజీ గారు. ఆయన దగ్గరికి వెళ్లడానికి ఊళ్లో మగవాళ్లు జంకారు. తీరా నూకరత్నం వెళితే ఆయన ఎదురొచ్చి కుర్చీ వేశారు, మజ్జిగ ఇప్పించారు.

“ఎంత మాట నూకరత్నంగారూ! ప్రజలు వేరూ మేం వేరూనా? సర్వే జరిగే గంటా ఒక్క బండి కదలదు. మీరు మనసారా దాటుకోండి. పిల్లల చేత కూడా దాటించండి.”

అంత మంచితనం ఒక్కసారిగా ఎదురయ్యేసరికి ఆవిడకి మజ్జిగ పొలమారింది.

రెండో సర్వే నాడు కాకరమెట్ట రోడ్డు దాటింది. ఊరు ఊరంతా దాటింది. అవసరం ఉన్నవాళ్లు దాటారు, లేనివాళ్లూ దాటారు. వీర్రాజు తాత చెల్లెలిని చూసి, వెనక్కొచ్చి, మళ్లీ వెళ్లి చూసి, మొత్తం ముప్ఫైయొక్క సార్లు పలకరించాడు. చివరి పది సార్లూ ఆవిడ “ఇంక చాల్లేరా అన్నయ్యా, ఇంట్లో పనుంది,” అంటూనే ఉంది. సర్పంచి గారు, సర్పంచి గారి తరఫున అన్ని పనులూ చేసే వారి భర్త గారు చెరో వైపు నుంచి దాటి మధ్యలో నమస్కారం పెట్టుకున్నారు. నాలుగేళ్ల జస్విత మాత్రం రోడ్డు మధ్యలో చతికిలబడి, “ఇక్కడ ఇంత చోటుందేంటి ఆయమ్మా!” అని ఆశ్చర్యపోయింది. ఆ పిల్ల రోడ్డుని ఖాళీగా చూడటం పుట్టాక అదే మొదలు.

భాస్కరానందం గారు గీతలకి చోటు చాలక ఫారాలు మార్చారు. దాటువారు వెయ్యిన్ని ఎనిమిదివందల నలభై రెండు.

“ఇంక వేసేత్తారు కదండీ?” అంది నూకరత్నం, చెమట తుడుచుకుంటూ.

ఆయన మొదటి గడి వైపు కలం చూపించారు. “వాహనములు సున్న.”

“ఆపించాం కదండీ!”

“ఎవరు ఆపించారన్నది ఫారం అడగదమ్మా. స్పీడ్ బ్రేకరు అనగా ఏమి? స్పీడును బ్రేకు చేయునది. స్పీడే లేనిచోట దేనిని బ్రేకు చేయవలెను? ప్రజాధనం కదా.”

ఈసారి ఉత్తరం నాలుగో రోజుకే వచ్చింది. ఆఫీసు పనితీరు మెరుగుపడుతోందనడానికి అది నిదర్శనం.

రెండో నెల కూడా గడిచింది. హాజరు సగటు పదకొండు.

అప్పుడే పంచాయతీ ఆవరణలో షామియానా లేచింది. ఏడు క్వారీలని పందొమ్మిది చేయడానికి ప్రజాభిప్రాయ సేకరణ. స్టేజీ మీద శివాజీ గారు, పక్కన నిపుణుల హోదాలో భాస్కరానందం గారు, వాళ్ల మధ్య పూలకుండీ. కొత్త క్వారీల వల్ల రోడ్డు మీద రద్దీ ఎలా ఉంటుందో ప్రజలకి వివరించాలని నియమం ఉందట. శివాజీ గారు రెండు కాగితాలు పైకెత్తి చూపించారు.

“మేం సొంతంగా ఏ సర్వే చేయించలేదండి. చేయిస్తే మీరు నమ్మరు. ఇవి ఊరి ప్రజలే అర్జీ పెట్టి చేయించుకున్నవి. మొదటి దాని ప్రకారం ఇక్కడ రోడ్డు దాటేవాళ్లు సున్న. రెండో దాని ప్రకారం ఈ రోడ్డు మీద వాహనాలు సున్న.”

భాస్కరానందం గారు మైకు అందుకున్నారు. “సున్నను పందొమ్మిదిచే గుణించినను సున్నయే. కావున విస్తరణ వలన కలుగు ప్రభావము శూన్యమని శాఖాపరముగా నిర్ధారించడమైనది.”

నూకరత్నం లేచి నిలబడింది. ఆవిడ ఎప్పుడూ మైకులో మాట్లాడలేదు. మైకు ఎవరూ ఇవ్వనూ లేదు. “మా పిల్లలు దాటలేక అన్నానికి రావట్లేదండి! ఇంకో నెలయితే కేంద్రం ఎత్తేత్తారు. ఏడింటికే ఇలాగుంటే పందొమ్మిదయ్యాక మేవేం కావాలండీ?”

“చూడండి,” అన్నారు శివాజీ గారు, కళ్లు చెమ్మగిల్లి, “ఈ సర్వేలు రెండూ సాధించిన తల్లి ఈవిడే. ఈవిడ పట్టుదల లేకపోతే మన విస్తరణ ఇంకా రెండేళ్లు పట్టేది.” వెంటనే ఆవిడకి శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. ఆవిడ శాలువా తీసేసేలోపు ఫొటో కూడా అయిపోయింది. సభ రిజిస్టరులో ఆవిడ పేరు కింద, అభిప్రాయం దగ్గర ‘అనుకూలం’ అని ఎవరో రాసేశారు.

స్టేజీ దిగుతున్న భాస్కరానందం గారిని ఆవిడ మెట్ల దగ్గరే అడ్డుకుంది. “ఇంక ఏ దారీ లేదాండి? ఏదో ఒకటి చెప్పండి బాబుగారూ.”

ఆయన కఠినుడు కాదు. ఆలోచించారు. “ప్రమాద చరిత్ర అని ఒక గడి ఉన్నదమ్మా. మూడేళ్లలో మూడు ప్రమాదములు నమోదైతే, సర్వేతో నిమిత్తం లేకుండా మంజూరు చేయవచ్చు. మీ స్థలంలో ఒక్కటీ లేదు. అదే మీ కేసులో బలహీనత.”

“మా పిల్లల్ని చేతుల్లో పెట్టుకుని కాపాడుకున్నాం కాబట్టి లేదండి.”

“అదే. అతిజాగ్రత్త వలన మీ ఊరు వెనుకబడినది.”

వెనకనుంచి వీర్రాజు తాత కర్ర ఊపుతూ ముందుకొచ్చాడు. “ఒకటి నా పేరు రాసుకోండి సారూ. రేపు మధ్యాన్నం భోంచేసి వచ్చి పడతాను. మిగతా రెండింటికీ ఈళ్లని మనుషుల్ని చూసుకోమనండి.”

“తమరి సేవాభావం అభినందనీయం,” అన్నారు భాస్కరానందం గారు. “కానీ ముందుగా తెలియజేసి పడినచో అది ప్రమాదం కాదు, ప్రయత్నం అవుతుంది. దానికి వేరే శాఖ.”

ఆ వారంలోనే ఊరి అమ్మవారి జాతర వచ్చింది. మా వైపు జాతరకి గరగ ఎత్తుతారు. పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, వేపమండలు కట్టిన బిందెని నెత్తి మీద పెట్టుకుని, డప్పుల మోతకి అడుగులేస్తూ ఇంటింటికీ తిరగడం అన్నమాట. గరగ పాత ఊళ్లోంచి కాలనీకి బయలుదేరింది. నూకరత్నం గుంపులో ఉంది. రోడ్డు అంచుకి వచ్చేసరికి ఆవిడ అలవాటు కొద్దీ ఆగింది. కానీ ఈసారి టిప్పర్లూ ఆగాయి.

ఒకటి కాదు, అటూ ఇటూ కనుచూపు మేర ఆగిపోయాయి. ఇంజన్లు ఆపారు. డ్రైవర్లు చెప్పులు విడిచి కిందకి దిగారు. ఒకడు తాగే నీళ్ల సీసా మూత తీసి, గరగ ఎత్తినవాడి కాళ్ల మీద నీళ్లు వారపోసి, ఆ నీళ్లు కళ్లకద్దుకున్నాడు. గరగ రోడ్డు మధ్యలో నిలబడి ఇరవై నిమిషాలు ఆడింది. ఒక్కడు హారను కొట్టలేదు.

నూకరత్నం నోరు తెరుచుకుని చూసింది. ఆ రోజు సాయంత్రం డప్పు చిట్టియ్య ఇంటికి వెళ్లింది.

“ఒరే తమ్ముడూ, రేప్పొద్దున్న తొమ్మిదింటికి డప్పు పట్టుకుని అంగన్‌వాడీ కాడికి రారా.”

“జాతరయిపోయింది కదక్కా?”

“ఊరి జాతరైపోయింది. పిల్లల జాతరుంది.”

చిట్టియ్య ఆవిడ మొహంలోకి చూసి, విషయం అర్థమయ్యాక డప్పు తీసి ఒకసారి తట్టి చూసుకున్నాడు. “తప్పేమో అక్కా. అమ్మోరికి కోపమొస్తే?”

నూకరత్నానికీ అదే భయం. తెల్లారి అంగన్‌వాడీలో మంచినీళ్ల బిందెకి పసుపు రాస్తూ, “తప్పయితే నన్నను తల్లీ, పిల్లల జోలికి పోకు,” అని మూడుసార్లు చెప్పుకుంది. వీధి చివరి వేపచెట్టుకి నాలుగు మండలు విరిచి కట్టింది. చిట్టియ్య డప్పు వాయిస్తుండగా బిందె నెత్తినెట్టుకుని ఇవతలి నుంచి కాలనీకి దాటింది. అక్కణ్ణుంచి వెనక పదిహేడుమంది పిల్లలతో వెనక్కి దాటింది. టిప్పర్లు నిలబడ్డాయి. ఒక కుర్ర డ్రైవరు దిగి, ఆవిడ కాళ్ల మీద నీళ్లు పోసి, వినయంగా అడిగాడు.

“ఏ అమ్మోరండీ?”

నూకరత్నం ఆ ప్రశ్న ఊహించలేదు. నోట్లో ఏడాదిగా నలుగుతున్న మాట ఒక్కటే ఉంది. అదే బయటపడింది. “బ్రేకులమ్మ తల్లి, నాయనా.”

డ్రైవరు భక్తిగా తలవంచి, “సల్లగా చూడు తల్లీ,” అన్నాడు. మరి బ్రేకుల మీద బతికేవాడు కదా.

పది రోజులు తిరిగేసరికి క్వారీ దారి పొడుగునా బ్రేకులమ్మ మహిమ పాకిపోయింది. మొక్కుకున్నాక తన బండి గేరుబాక్సు బాగయిందని ఒకడు, ఆగకుండా వెళ్లినవాడికి దారిలో టైరు పేలిందని ఇంకొకడు చెప్పుకున్నారు. పొద్దున్న తొమ్మిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకీ గరగ. ఆ వేళకి రోడ్డు దాటవలసిన వాళ్లంతా, పింఛను ముసలమ్మల నుంచి గ్యాసుబండ మోసేవాళ్ల వరకు, భక్తితో వెనక చేరేవారు. రేషను షాపు వాడు తలుపులు తీసే వేళ మార్చుకున్నాడు. అంగన్‌వాడీ హాజరు రోజూ పదిహేడు. మూడో నెల సగటు పదహారు దాటింది. టీచరమ్మ రిజిస్టరు చూసి, ఇదంతా తన కృషేనని టౌనుకి రిపోర్టు పంపింది.

శివాజీ గారు లెక్క వేసుకున్నారు. రోజుకి రెండుసార్లు, పావుగంట చొప్పున. ఆయన కూడా దైవభక్తి కలవారే. అందుకని సొంతంగా ఏమీ అనకుండా రోడ్ల ఆఫీసుకి ఉత్తరం రాశారు.

నెలాఖరు రోజు తొమ్మిది దాటి ఐదు నిమిషాలకి భాస్కరానందం గారు జీపులో వచ్చి కాలనీ వైపు దిగారు. చేతిలో సీలు వేసిన కవరు. గరగ అప్పటికే ఇవతలి నుంచి వచ్చి, పిల్లల్ని తీసుకుని వెనక్కి బయలుదేరబోతోంది.

“ఏమమ్మా, ఇది నీకు తాఖీదు. వివాదాస్పద స్థలమునందే చదివి వినిపించవలెనని ఉత్తర్వు.”

“స్థలవంటే రోడ్డు మధ్యండి.”

“అవును.”

“అయితే వెనకాల రండి బాబుగారూ. పిల్లల్ని దింపేసి వత్తాను. బూట్లు విప్పాలండోయ్, అమ్మోరు.”

ఆయన బూట్లు విప్పి, ఒక చేత్తో బూట్లు, ఒక చేత్తో కవరు పట్టుకుని, జస్విత వెనకాల వరసలో నడిచి, రోడ్డు మధ్యలో ఆగారు. నూకరత్నం పిల్లలందరినీ కేంద్రం గడప ఎక్కించి, బిందెతో వెనక్కి వచ్చి, నడిరోడ్డు మీద ఆయన ఎదురుగా నిలబడింది. చిట్టియ్య డప్పు కొడుతూనే ఉన్నాడు. అటూ ఇటూ టిప్పర్లు, కింద చేతులు కట్టుకున్న డ్రైవర్లు. భాస్కరానందం గారు గొంతు సవరించుకున్నారు.

“ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సదరు స్థలమునందు స్పీడ్ బ్రేకరు నిర్మించినచో గరగ మోయువారు కాలు తట్టుకుని పడు ప్రమాదమున్నందున, అర్జీ శాశ్వతముగా మూసివేయడమైనది.”

“ఆయ్,” అంది నూకరత్నం.

“మరియు, సదరు స్థలమునందు వాహనములు సున్న, దాటువారు సున్న, ప్రమాదములు సున్న అయినందున, అచట పాదచారులకు ఎట్టి అపాయమును లేదని నిర్ధారించడమైనది. కావున, నిష్కారణముగా మోగించుచున్న డప్పును తక్షణమే నిలుపుదల చేయవలెను.”

“తక్షణవంటే?” అన్నాడు చిట్టియ్య.

“ఇప్పుడే,” అన్నారు భాస్కరానందం గారు.

చిట్టియ్య ప్రభుత్వ ఉత్తర్వులంటే గౌరవం ఉన్నవాడు. డప్పు ఆపేశాడు. నూకరత్నం బిందె దింపి చంకనెట్టుకుంది. ఇద్దరూ రెండంగల్లో అంచుకి వెళ్లిపోయారు.

గరగ దిగిపోయింది కనుక డ్రైవర్లు దణ్ణం పెట్టుకుని బళ్లెక్కారు. ఉత్తరం వైపు ఒక ఇంజను మోగింది, దక్షిణం వైపు నాలుగు మోగాయి. భాస్కరానందం గారు అటు ఒక అడుగు వేశారు, ఇటు ఒక అడుగు వేశారు. ఎర్రదుమ్ములో ఆయన నిలబడిపోయారు. నిలబడువారికి ఫారంలో గడి లేదు.

“కొట్టవయ్యా!” అని అరిచారాయన. “ఏయ్, డప్పు! ఆపమన్నానని ఆపేస్తావా? కొట్టు, కొట్టు!”

చిట్టియ్య నూకరత్నం వైపు చూశాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

“నోటి మాట మీద ఎలాగండీ బాబుగారూ?” అంది ఇవతల నుంచి గట్టిగా. “రాసివ్వండి!”

కదిలిన మొదటి టిప్పరు గాలికి ఆయన చొక్కా ఎగిరింది. భాస్కరానందం గారు బూట్లు కింద పడేసి, తాఖీదు తిరగేసి, మోకాలి మీద పెట్టుకుని, ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఏ గడీ లేని కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. ‘సదరు స్థలమునందు డప్పు ప్రతిదినము విధిగా కొట్టవలెను.’ సంతకం చేసి, తారీఖు వేసి, రెండు చేతులా పైకెత్తి చూపించారు.

“కింద హోదా కూడా రాయండి సారూ,” అన్నాడు చిట్టియ్య, డప్పు పుల్లలు చేతిలోకి తీసుకుంటూ.